ఆరు వారాల టీకాలు: ఒకే రోజు అన్నీ వేయించాలా, విడివిడిగానా?

బంగారుకొండ (హన్మకొండ)

అందరికీ నమస్తే. వచ్చే బుధవారానికి మా బాబుకు ఆరు వారాలు నిండుతాయి. పుట్టిన రోజే ఆస్పత్రిలో బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి సూది వేసేశారు. అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు. ఇప్పుడు మాత్రం ఇంట్లో తలా ఒక మాట.

ఆశా అక్క వచ్చి బుధవారం అంగన్‌వాడీకి తీసుకురమ్మని చెప్పి వెళ్లింది. మేం చూపించే డాక్టర్ గారేమో నొప్పి లేని టీకా ఉంది, ఆరు జబ్బులకు ఒకటే సూది, జ్వరం కూడా పెద్దగా రాదు అన్నారు. ఇంకా ఏమేం వేయించాలో ఒక కాగితం నిండా రాసిచ్చారు. లెక్క వేస్తే గుండె ఝల్లుమంది. మా అత్తమ్మ మాట ఇంకోటి. ఒక్క రోజే మూడు సూదులా, పసిగుడ్డు ఎలా తట్టుకుంటాడు, నెలకొకటి వేయిద్దాం అంటుంది. ఆమె బాబును ఎంత ప్రేమగా చూసుకుంటుందో నాకు తెలుసు, అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. మా ఆయనకు ఎవరో వాట్సాప్‌లో టీకాలతో ఆటిజం వస్తుందనే వీడియో పంపారు. ఆయన పైకి ఏమీ అనడం లేదు కానీ రాత్రిళ్లు ఫోన్‌లో అవే చూస్తున్నారు.

నా ప్రశ్నలు రెండే. విడదీసి వేయిస్తే నష్టమేమైనా ఉందా? ప్రభుత్వ టీకాకూ ప్రైవేటు టీకాకూ నిజంగా తేడా ఉందా?

ఏఎన్‌ఎమ్ అక్క (కరీంనగర్ జిల్లా)

చెల్లెమ్మా, ముందు బుధవారం ఏమేం వేస్తారో చెబుతాను, మీ అత్తమ్మకు చదివి వినిపించు. మాకు బుధ, శనివారాలు టీకాల రోజులు.

నోట్లో వేసేవి రెండు: పోలియో చుక్కలు, రోటా. రోటా నీళ్ల విరేచనాలు రాకుండా. సూదులు మూడు. ఎడమ తొడకు పెంటావాలెంట్, అందులోనే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ ఐదూ ఉంటాయి. కుడి తొడకు పీసీవీ, అది న్యుమోనియా నుంచి కాపాడుతుంది. కుడి భుజానికి పోలియో సూది, చర్మం పైపొరలోనే 0.1 మిల్లీలీటరు, సన్నని బుడగలా లేస్తుంది. అంతే. పది వారాలప్పుడు సూది ఒక్కటే ఉంటుంది, మిగతావి చుక్కలు. పద్నాలుగు వారాలకు మళ్లీ మూడు.

సీసాను అడిగి చూడు, మేమేమీ అనుకోం. దాని మీద ఒక గుండ్రని గుర్తు, మధ్యలో చిన్న చదరం ఉంటుంది. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కంటే తెల్లగా ఉంటే టీకా బాగున్నట్టు. రెండూ ఒకే రంగుకు వచ్చినా, లోపలిది ఇంకా ముదిరినా ఆ టీకా వేడికి పాడైనట్టు, వాడకూడదు. తొమ్మిది నెలలకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వేయించేటప్పుడు ఇంకోటి కూడా అడుగు: పొడిని ఎన్నింటికి కలిపారని. బీసీజీ, ఎంఆర్ కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి, ఆ తర్వాత పారేయాలి. సీసా మీద టైమ్ రాసి ఉంటుంది.

వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికెళ్లాక ఆ చోట పసుపు రాయడం, రుద్దడం, కాపడం పెట్టడం వద్దు. మరీ వాచితే తడిగుడ్డ వేయండి చాలు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం మామూలే. మూడు గంటలు దాటినా ఏడుపు ఆపకపోయినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ వాలిపోయినట్టున్నా మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నెమలీక (గుంటూరు)

నేను వేరే మాట చెబుతాను, ఎవరూ కోప్పడొద్దు. మా పాపకు నేను విడివిడిగానే వేయించాను. ఒక్కోదానికీ మధ్య నెల గ్యాప్. ఏ టీకాకు ఏం రియాక్షన్ వచ్చిందో తెలుస్తుందని అలా చేశాను. పాప హాయిగా ఉంది, ఇప్పుడు రెండున్నరేళ్లు దాటాయి. తల్లికి అడిగే హక్కు లేదా? మన చిన్నప్పుడు ఇన్ని టీకాలు ఎక్కడివి? మా అమ్మ మమ్మల్ని తట్టు వస్తే వేపాకులు పరిచి పడుకోబెట్టేది, వారానికి లేచి ఆడుకునేవాళ్లం.

గోదారోడు (రాజమండ్రి)

నెమలీక గారూ, అడిగే హక్కు తప్పకుండా ఉంది. కానీ లేచి ఆడుకున్నవాళ్లే కదండీ ఇప్పుడు ఆ కబుర్లు చెప్పగలిగేది. మా బాబాయికి రెండో ఏట పోలియో వచ్చింది. ఆయన కాలికి ఇనుప బద్దీ, పక్కన ఊతకర్ర మా ఇంట్లో అందరికీ అలవాటైన శబ్దం. మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో వచ్చింది, 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువపత్రం ఇచ్చారు. ఆ తర్వాత కూడా 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టైప్ 2 పోలియో వైరస్ జాడ దొరికితే, జూన్‌లో వారం రోజుల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూది వేశారు. ఏఎన్‌ఎమ్ అక్క చెప్పిన ఆ భుజం సూదే. వైరస్ జాడ దొరికినప్పుడు దాన్ని అంత పెద్ద ఎత్తున ఒక ఊళ్లో మొదట వాడింది మన దగ్గరే.

పసిపిల్లల డాక్టర్ (విజయవాడ)

బంగారుకొండ గారి రెండు ప్రశ్నలకూ కొంచెం వివరంగా రాస్తాను.

విడదీయడం గురించి. ఆరు, పది, పద్నాలుగు వారాలు అని పెట్టడానికి కారణం కోరింత దగ్గు. అది పెద్దవాళ్లకు వస్తే నెలలపాటు దగ్గు, ఆరు నెలల్లోపు బిడ్డకు వస్తే ఊపిరి ఆగిపోవచ్చు. దగ్గు కూడా రాకుండా బిడ్డ నీలంగా మారిపోతుంది. మనం టీకాను నెట్టిన ప్రతి నెలా బిడ్డ ఆ ప్రమాదకరమైన వయసులోనే రక్షణ లేకుండా గడుస్తుంది. విడదీస్తే రియాక్షన్లు తగ్గవు. సూదుల రోజులు పెరుగుతాయి, ఆస్పత్రికి పోయే సార్లు పెరుగుతాయి, మధ్యలో ఒకటి తప్పిపోయే అవకాశం పెరుగుతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఒక దేశం చేసి చూసింది. 1970ల మధ్యలో జపాన్‌లో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా) వేశాక ఇద్దరు పిల్లలు చనిపోయారన్న వార్తతో 1975లో టీకా ఆపేశారు, తర్వాత మళ్లీ మొదలుపెట్టినా రెండేళ్ల వయసుకు జరిపారు. తల్లిదండ్రుల్లో భయం పోలేదు. అంతకుముందు ఏడాదికి కొన్ని వందలకు తగ్గిన కోరింత దగ్గు కేసులు 1979 నాటికి 13 వేలు దాటాయి, 41 మంది చనిపోయారు. మీ అత్తగారు చెప్పే సలహానే అక్కడ దేశమంతా పాటించింది. అంత భయంలోంచే వాళ్లు 1981లో తక్కువ జ్వరం వచ్చే కొత్తరకం టీకా తెచ్చారు. ఇవాళ మనం "నొప్పి లేనిది" అని పిలిచేది దాని సంతతే.

ఇక రెండో ప్రశ్న. అంగన్‌వాడీలో వేసే పెంటాలో కోరింత దగ్గు భాగం ఆ క్రిమి మొత్తం కణంతో చేసినది. అందుకే జ్వరం, వాపు ఎక్కువ. ప్రైవేటులో వేసే ఆరింటి టీకాల్లో ఎక్కువ వాటిలో ఆ క్రిమి ముక్కలు కొన్నే ఉంటాయి. జ్వరం తక్కువ, ఇబ్బంది తక్కువ. కానీ దాని రక్షణ తొందరగా తరిగిపోతుంది. అమెరికా 1990ల్లో పూర్తిగా దానికి మారాక, 2010లో కాలిఫోర్నియాలో 9 వేలకు పైగా కేసులు వచ్చాయి, 10 మంది పసిపిల్లలు పోయారు. అలాగని ఆ టీకా చెడ్డదని కాదు. మొదటి మూడు డోసులకు మీ దగ్గర ఉచితంగా దొరికేది ఏ రకంగానూ తక్కువ రకం కాదు, ఆ ఒక్క విషయంలో మెరుగే. డబ్బు లేక ప్రభుత్వ టీకా వేయిస్తున్నామని ఏ తల్లీ బాధపడక్కర్లేదు.

ఆ కాగితంలో మిగతావి ఏమున్నాయో రాయండి.

బంగారుకొండ (హన్మకొండ)

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. మీ పోస్టు అత్తమ్మకు చదివి వినిపించాను. జపాన్ సంగతి విని మళ్లీ ఒకసారి చదవమంది. కాగితంలో ఉన్నవి: ఫ్లూ, టైఫాయిడ్, ఎంఎంఆర్, హెపటైటిస్ ఎ, చికెన్‌పాక్స్, మెనింజైటిస్. ఇవన్నీ తప్పనిసరా?

పసిపిల్లల డాక్టర్ (విజయవాడ)

ఇవి పిల్లల డాక్టర్ల సంఘం సూచించేవి, ప్రభుత్వ పట్టికలో లేనివి. అన్నీ ఒకే బరువున్నవి కావు. నా పిల్లలకైతే ఏ వరసలో డబ్బు పెడతానో చెబుతాను.

మొదట టైఫాయిడ్ కాంజుగేట్, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఒకే డోసు. మన నీళ్లు, మన బయటి తిండి సంగతి అందరికీ తెలిసిందే, పైగా టైఫాయిడ్ మందులకు లొంగకుండా మారుతోంది. పైగా ఇది మన హైదరాబాద్‌లో తయారయ్యేదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా గుర్తించిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మనదే. తర్వాత గవదబిళ్ళలు. ప్రభుత్వం వేసే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా ఉన్నాయి, గవదబిళ్ళలు లేవు. ప్రైవేటులో ఎంఎంఆర్ వేయిస్తే ఆ లోటు తీరుతుంది. మగపిల్లలకు పెద్దయ్యాక గవదబిళ్ళలు వస్తే వృషణాల వాపు రావచ్చు. ఫ్లూ ఆరు నెలల తర్వాత, మొదటిసారి నెల గ్యాప్‌తో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పిల్లలకు మరీ ముఖ్యం. చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ ఏడాది దాటాకే కాబట్టి ఇప్పుడే కంగారు వద్దు. మెనింజైటిస్ అందరికీ అవసరం ఉండదు, మీ డాక్టర్ గారిని ఎందుకు రాశారో అడగండి.

వీటిలో ఏది వాయిదా వేసినా మీరు ఆలోచించుకోవచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాలవీ, తొమ్మిది నెలలవీ మాత్రం వాయిదా వేయకండి.

విశాఖ నాన్న (విశాఖపట్నం)

బంగారుకొండ గారూ, ఇది మీ ఆయన కోసం. నేనూ అలాంటి వీడియోలు చూసినవాడినే, మా అన్నయ్య కొడుక్కి ఆటిజం ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ చూశాను. మొత్తం కథ 1998లో లండన్‌లో మొదలైంది. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు ఒక పేపర్ వేశాడు. ఆ పిల్లల వివరాలు మార్చి రాసినట్టూ, టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల దగ్గర డబ్బు తీసుకున్నట్టూ తర్వాత బయటపడింది. 2010 ఫిబ్రవరిలో పత్రిక ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుంది, మే నెలలో అతని డాక్టర్ రిజిస్ట్రేషన్ తీసేశారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఎంఆర్ వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ ఆటిజం విషయంలో తేడా కనిపించలేదు.

ఆటిజం లక్షణాలు మనకు కనిపించేది ఏడాదిన్నర ప్రాంతంలో, టీకాలు వేసేదీ ఆ వయసులోనే. అందుకే చూసేవాళ్లకు రెండూ కలిసి కనిపిస్తాయి. మా వదిన తనను తాను చాలాకాలం నిందించుకుంది. ఆ వీడియోలు చేసేవాళ్లు అలాంటి తల్లుల మీద ఎంత బరువు పెడుతున్నారో వాళ్లకు పట్టదు. మీ ఆయనను నాకు మెసేజ్ పెట్టమనండి, మాట్లాడతాను.

రిటైర్డ్ సిస్టర్ (హైదరాబాద్)

తల్లీ, నేను నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో పనిచేశాను. పాతవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. కంఠసర్పి అనేది పుస్తకాల్లో మిగిలిపోయిన జబ్బు అనుకుంటారు చాలామంది. మా వార్డులో ప్రతి వానాకాలం తర్వాతా చూసేవాళ్లం. నోరు తెరిస్తే గొంతులో బూడిదరంగు పొర, తీయబోతే రక్తం కారుతుంది. మెడ రెండువైపులా ఉబ్బి ఉంటుంది. దానికి విరుగుడు సీరమ్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, ఆలస్యమైతే గుండె దెబ్బతింటుంది. గొంతు తగ్గింది కదా అని తల్లి తేలికపడిన రోజునే బిడ్డ గుండె ఆగిపోవడం నేను చూశాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో బడి పిల్లలు చాలామంది. చిన్నప్పుడు మూడు డోసులూ వేయించి ఉంటారు. ఏడాదిన్నర డీపీటీ బూస్టర్, ఐదేళ్ల బూస్టర్ మాత్రం వేయించరు. బిడ్డ నడుస్తున్నాడు, బడికి పోతున్నాడు, ఇక టీకాలు అయిపోయాయనుకుంటారు. నెమలీక తల్లీ, మీ పాపకు ఏడాదిన్నర బూస్టర్, ఎంఆర్ రెండో డోసు పడ్డాయా?

నెమలీక (గుంటూరు)

పడలేదు సిస్టర్. ఒక్కొక్కటిగా వేయిస్తూ వచ్చేసరికి ఆ రెండూ మిగిలాయి. ఇప్పుడు వయసు దాటిపోయిందేమో, మళ్లీ మొదటినుంచీ వేయించాలేమో అని ఆగాను. విడదీసే విషయంలో నాకింకా డాక్టర్ గారితో పూర్తిగా ఒప్పుదల లేదు, కానీ ఈ రెండూ వేయించాలని ఉంది.

ఏఎన్‌ఎమ్ అక్క (కరీంనగర్ జిల్లా)

మొదటినుంచీ ఏమీ అక్కర్లేదమ్మా. ఎంత ఆలస్యమైనా ఆగిన చోటునుంచే మొదలు పెడతాం. ఎంఆర్ ఐదేళ్ల వరకూ, డీపీటీ ఏడేళ్ల వరకూ మా దగ్గరే వేస్తాం. రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు. ఎంఆర్ రెండో డోసు ఎందుకంటే మొదటి డోసుతో వందలో 85 మందికే రక్షణ వస్తుంది, మిగిలిన 15 మంది ఎవరో బయటకు తెలియదు. కార్డు పట్టుకుని శనివారం వెళ్లు.

పాలమూరు పంతులు (నారాయణపేట జిల్లా)

కార్డు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్లో సగం కుటుంబాలు ముంబై, పుణె పనులకు పోతాయి. తిరిగొచ్చేసరికి కార్డు ఉండదు, బిడ్డకు ఏం వేశారో తల్లికి గుర్తుండదు. బడిలో చేర్చేటప్పుడు నేను ముందు అడిగేది అదే. టీకా దేశంలో ఎక్కడైనా వేయించుకోవచ్చు, సొంత ఊరికే రావాలని లేదు. ఇప్పుడు యూ-విన్ అనే ప్రభుత్వ టీకాల పోర్టల్‌లో ఫోన్ నంబరుతో నమోదు చేస్తున్నారు, కార్డు పోయినా వివరాలు దొరుకుతాయి. వేయించిన ప్రతిసారీ అందులో ఎక్కించారా అని అడగండి, కార్డును ఫోటో తీసి పెట్టుకోండి.

డల్లాస్ తెలుగమ్మాయి (టెక్సస్)

మా పాపకు ఎనిమిది నెలలు, సంక్రాంతికి ఇండియా వస్తున్నాం. ఇక్కడ ఎంఎంఆర్ పన్నెండు నెలలకు వేస్తారు. 2025లో మా టెక్సస్ పశ్చిమ భాగంలో తట్టు ప్రబలి 762 కేసులు వచ్చాయి, ఇద్దరు పిల్లలు చనిపోయారు, వాళ్లకు టీకా లేదు. అప్పటినుంచీ నాకు టెన్షనే. ఇలా ప్రయాణం చేసేవాళ్లు ఏం చేయాలి?

పసిపిల్లల డాక్టర్ (విజయవాడ)

ఆరు నుంచి పదకొండు నెలల మధ్య పిల్లలు విదేశీ ప్రయాణం చేస్తుంటే ఒక ఎంఎంఆర్ ముందుగా వేయాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నియమమే ఉంది. కనీసం రెండు వారాల ముందు వేయించండి. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మామూలుగా రెండు డోసులు వేయించాలి.

ఏడో నెల అమ్మ (అనంతపురం)

మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. వాడికి ఆరు వారాలు అంటే పుట్టిన తేదీ నుంచా, డెలివరీ కావాల్సిన తేదీ నుంచా? ముక్కు కారుతుంటే వేయించవచ్చా?

పసిపిల్లల డాక్టర్ (విజయవాడ)

పుట్టిన తేదీ నుంచే. నెలలు నిండని పిల్లలకు కోరింత దగ్గు, న్యుమోనియా ఇంకా ప్రమాదం కాబట్టి వాళ్లకు అసలు ఆలస్యం చేయం. జలుబు, కొద్దిపాటి దగ్గు అడ్డం కాదు.

బంగారుకొండ (హన్మకొండ)

బుధవారం వెళ్లొచ్చాం. అన్నీ అంగన్‌వాడీలోనే వేయించాం, ఒకే రోజు. అత్తమ్మ తానే వస్తానంది. సీసా మీద గుర్తు చూపించమని ఏఎన్‌ఎమ్ గారిని ఆమే అడిగింది, ఆవిడ కిటికీ వెలుతురులోకి తెచ్చి చూపించారు, లోపలి చదరం తెల్లగానే ఉంది. మొదట చుక్కలు, తర్వాత భుజానికి, చివర్న తొడలకు. సూదులప్పుడు పాలు పడుతూ ఉండమన్నారు. కెవ్వున ఏడ్చాడు కానీ రొమ్ము అందగానే ఆపాడు.

రాత్రి ఒళ్లు కాలింది. పారాసిటమాల్ దగ్గర ఒక మాట అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. మా ఇంట్లో పెద్ద పిల్లల సిరప్ ఉంది, అది 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు. డాక్టర్ గారు రాసిన చుక్కల మందు 1 మిల్లీలీటరుకే 100. ఒకదాని కొలత ఇంకోదానికి వేస్తే మోతాదు నాలుగు రెట్లు తేడా వస్తుంది. మా వాడు నాలుగున్నర కిలోలు, చుక్కల మందు అర మిల్లీలీటరు ఇవ్వమన్నారు. తెల్లారేసరికి జ్వరం లేదు. తొడ మీద చిన్న గట్టిదనం ఉంది, అది దానంతటదే పోతుందన్నారు.

మా ఆయన విశాఖ నాన్న గారితో ఫోన్‌లో మాట్లాడారు. ఆరో నెలలో టైఫాయిడ్ కోసం ఇప్పటినుంచే డబ్బు పక్కన పెడతామన్నారు.

కొత్త సభ్యురాలు (ఖమ్మం)

ఇదంతా చదివాను, చాలా ఉపయోగపడింది. మాకో సందేహం. పాపకు ఇప్పుడు నాలుగు నెలలు, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ పడలేదు. మళ్లీ వేయించాలా?

ఏఎన్‌ఎమ్ అక్క (కరీంనగర్ జిల్లా)

కార్డులో బీసీజీ వేసిన తేదీ ఉందా? ఉంటే మళ్లీ వేయం, మచ్చ పడకపోయినా ఫరవాలేదు. తేదీ లేకపోతే ఏడాది లోపు ఎప్పుడైనా వేయించవచ్చు. పద్నాలుగు వారాలవి అయ్యాయా?

కొత్త సభ్యురాలు (ఖమ్మం)

తేదీ ఉందక్కా. పద్నాలుగు వారాలవి కాలేదు, పుట్టింట్లో ఉన్నాను. ఇక్కడి సెంటర్‌లో ఈ శనివారం వేయిస్తాను.